అమ్మ రిపోర్టు అమ్మకు చెప్పొద్దంట!

ఈ రోజు శుక్రవారం. సోమవారం దాకా ఆగాలి. నిన్న అమ్మకు పెట్ స్కాన్ అయింది. దాని రిపోర్టూ, ముక్క తీసి బయటి ల్యాబుకు పంపిన ఇంకో పరీక్ష రిపోర్టూ రెండూ సోమవారం ఒకేసారి ఇస్తామన్నారు. ఫోను మోగితే చాలు, గుండె గొంతులోకి వస్తోంది. గ్యాస్ సిలిండరు వాళ్ళ మెసేజ్ వచ్చినా అదే దడ. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను, గిన్నె మాడింది. మా ఆయన ఏమీ అనకుండా గిన్నె తోముతూ ఉంటే నాకు ఏడుపొచ్చింది.

కానీ ఈ పోస్టు నా దడ గురించి కాదు. మా వాళ్ళ మీద, మనందరి మీద నాకున్న కోపం గురించి. కొంచెం ఘాటుగానే రాస్తాను, ఏమీ అనుకోకండి.

మా అమ్మకు 61 ఏళ్ళు. కళ్యాణదుర్గం వైపు పల్లె. ఐదెకరాల మెట్ట పొలం, శెనక్కాయే పంట. ఏరువాక రోజుల్లో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలిందంట. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకుంది. విత్తనం పడాలి, కలుపు తీయాలి, కాయ పీకాలి, కట్టె వామి వేయాలి. అన్నీ అయ్యాక, కార్తీక మాసంలో మా ఇంటికి అనంతపురం వచ్చినప్పుడు, రాత్రి వంటింట్లో, అందరూ పడుకున్నాక, "మే, ఈడ ఏదో గట్టిగా ఉంది, వేడి చేసిందేమో చూడు" అంది. చూశాను. అప్పటికి అది నిమ్మకాయంత అయింది.

అంటే ఐదు నెలలు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెప్తే మీరు గాబరా పడరా? కాయ పీకే టైములో నేను ఆస్పత్రి పట్టుకుని తిరిగితే మీ నాయన ఒక్కడే ఏం చేస్తాడు?" అంది.

మర్నాడే తీసుకెళ్ళాం. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, తర్వాత సూదితో ముక్క తీసి బయాప్సీ. రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. ఇక అక్కడ మొదలైంది మా ఇంట్లో నాటకం.

డాక్టరు గది బయట నర్సమ్మ "మగవాళ్ళెవరైనా వచ్చినారా?" అని అడిగింది. మా అన్న లోపలికి పోయాడు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. పది నిమిషాల తర్వాత అన్న బయటికొచ్చి నన్ను పక్కకు పిలిచి, "అమ్మకు చెప్పొద్దు. నీటి గడ్డ అని చెబుదాం. చిన్న ఆపరేషన్ అని చెబుదాం. తెలిస్తే తట్టుకోలేదు" అన్నాడు. సాయంత్రానికి ఫోనులో చిన్నాయన అదే మాట. మేనమామ అదే మాట. మా వదిన కూడా, "పెద్దావిడ, గుండె ఆగిపోతుంది" అని. రోగం అమ్మకు, మీటింగు మాకు. ఆ మీటింగులో అమ్మ తప్ప అందరూ ఉన్నారు.

ఒప్పుకుంటాను, నేనూ తలూపాను. మా అన్న కళ్ళలో నీళ్ళు చూసి తలూపాను. పది రోజులు నేను కూడా "నీటి గడ్డే అమ్మా, ఏం లేదు" అని అబద్ధం చెబుతూ ఉగ్గాని చేసి పెట్టాను.

పదకొండో రోజు మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది. "మే, నాకు తెలుసులే" అంది. "ఏం తెలుసు?" అన్నాను. "నేను ఐదో తరగతి దాకా చదివినాను కదా. ఆ ఆస్పత్రిలో గోడ మీద ఏం రాసి పెట్టినారో చదువుకోలేననుకున్నారా? నా పక్కన కూర్చున్నామెకు వెంట్రుకలు లేవు. కనుక్కోలేనా?" అని, కాసేపాగి, "మీ అన్న ముందర మాత్రం నాకు తెలీనట్టే ఉండు. వాడు తట్టుకోలేడు" అంది.

చూశారా? ఆమె తట్టుకోలేదని మేం దాచాం. మేం తట్టుకోలేమని ఆమె దాచింది. పది రాత్రులు ఒక ముసలామె గోడ వైపు తిరిగి పడుకుని, చావంత భయాన్ని ఒంటరిగా మోసింది, ఇంటినిండా మనుషులుండి. దీన్నా మనం ప్రేమ అంటున్నది?

నా మాట సూటిగా చెబుతాను. రోగం ఎవరిదో రిపోర్టు వాళ్ళది. దాచడం ప్రేమ కాదు. మనం ఆ మాట ఆమెతో చెప్పే ధైర్యం లేక, మన పిరికితనానికి ఆమె గుండె జబ్బును సాకుగా పెట్టుకుంటున్నాం.

"తట్టుకోలేదు" అన్న మాటే తీసుకుందాం. ఎవరిని గురించి అంటున్నాం ఈ మాట? మా అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా ఎప్పుడు పడుతుందో, పడుతుందో లేదో తెలియదు. మా అమ్మ నలభై ఏళ్ళుగా ఆ ఆకాశాన్ని చూసి బతికింది. విత్తిన శెనక్కాయ మొలకెత్తి ఎండిపోవడం చూసింది. బోరు వేస్తే దుమ్ము రావడం చూసింది. బంగారం బ్యాంకులో పెట్టి, విడిపించి, మళ్ళీ పెట్టింది. వాన ఆలస్యమైతే ఏడుస్తూ కూర్చోలేదు, శెనక్కాయ కాదంటే ఉలవలు చల్లింది. అదే కదా మన మెట్ట రైతు తెలివి? వాన రాదని తెలిస్తేనే వేరే పంట ఆలోచన చేస్తారు. "పాపం, రైతు తట్టుకోలేడు, వాన వస్తుందనే చెబుదాం" అని ఎవరైనా అంటే ఆ మనిషిని ఊళ్ళోంచి తరమరా? మరి అమ్మ ఒంటి విషయంలో మనం చేస్తున్నది అదే.

ఈ దాపరికం వల్ల ప్రాణాలు పోతాయి. మా ఇంట్లో పోయాయి కూడా.

అమ్మ మిద్దె మీద చెప్పిన రెండో సంగతి ఇది. "మా అక్కకూ ఇట్లాంటి గడ్డే ఉన్నింది." మా పెద్దమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కామెర్లతో పోయిందని మాకు చెప్పారు, ఇన్నేళ్ళూ అదే నమ్మాం. కామెర్లు రావడం అబద్ధం కాదు. రొమ్ములో మొదలైనది కాలేయానికి పాకితే చివర్లో కళ్ళు పచ్చబడవచ్చు. ఇంట్లో వాళ్ళు చివరి పేరు చెప్పి మొదటి పేరు మింగేశారు. "ఆడపిల్లలున్న ఇల్లు, బయటికి తెలిస్తే సంబంధాలు రావు" అని. ఆ ఒక్క అబద్ధం చెప్పకుండా ఉంటే, మా అమ్మ చేతికి గడ్డ తగిలిన రోజే "అక్కకు వచ్చింది, నాకూ వచ్చిందేమో" అని ఉలిక్కిపడేది కదా? ఐదు నెలలు శెనక్కాయ కోసం ఆగేదా? గోలీకాయంతప్పుడే దొరికేది.

తోబుట్టువుకో తల్లికో ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువ. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది దాకా వంశంలో వచ్చే జన్యు లోపం వల్ల వస్తాయని డాక్టర్లు చెబుతారు. మిగతావి అలా రానివే. అయినా ఇంట్లో ఎవరికి ఏం వచ్చిందో తెలియకపోతే మనకు ఏ పరీక్ష ఎప్పుడు అవసరమో డాక్టరు ఎలా చెబుతారు? పెద్దమ్మ కూతుళ్ళు ఇద్దరికీ నేనే ఫోను చేశాను. వాళ్ళకూ కామెర్లనే తెలుసు. నలభై దాటిన ఆడవాళ్ళు, సొంత తల్లి ఎందుకు పోయిందో తెలియకుండా బతుకుతున్నారు.

ఇప్పుడు "చెప్పకపోయినా వైద్యం జరుగుతుంది కదా" అనే వాళ్ళకు. జరగదమ్మా, సరిగ్గా జరగదు. కీమో నడుస్తున్నప్పుడు ఒంట్లో తెల్లరక్త కణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, తెల్లారే దాకా ఆగకూడదు. తనకు జరుగుతున్నది కీమో అని తెలియని మనిషి ఏం చేస్తుంది? "నీటి గడ్డకు సూది మందు వేసినారు, జ్వరం వచ్చింది" అని ఒక పారాసిటమాల్ వేసుకుని దుప్పటి కప్పుకుంటుంది. పిల్లల్ని లేపడం ఎందుకని ఊరుకుంటుంది. మన అమ్మల సంగతి మనకు తెలియదా?

హార్మోన్ మాత్రలూ అంతే. కొన్ని రకాలకు ఐదేళ్ళు, అంతకన్నా ఎక్కువ కూడా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. నీటి గడ్డకు ఐదేళ్ళు మాత్రలు ఎవరు మింగుతారు? ఆరు నెలలకు "బాగైపోయింది కదా" అని డబ్బా అటక మీద పెట్టేస్తారు. ఆపరేషన్ అయితే, గడ్డ వరకే తీయాలా, రొమ్ము మొత్తం తీయాలా అన్నది చాలాసార్లు ఆ మనిషి కూడా కలిసి తేల్చుకోవలసిన విషయం. మత్తు దిగి లేచి చూసుకుంటే ఒంట్లో ఒక భాగం లేదని తెలుసుకోవడం కన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? ముందు చెబితే తట్టుకోలేదా, అలా తెలిస్తే తట్టుకుంటుందా?

ఇది నా ఒక్కదాని ఆవేశం కాదు. 2008లో మన సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇదే చెప్పింది. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఒకావిడకు, ఆమెను అడగకుండా, బయట ఉన్న ఆమె తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుని గర్భసంచీ, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివిలో ఉండి నిర్ణయం తీసుకోగల పెద్ద మనిషి తరఫున తల్లి ఒప్పుకోలు కూడా చెల్లదని కోర్టు అంది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు, బెంగళూరు నుంచి బస్సు దిగిన కొడుకు సంతకం ఎలా చెల్లుతుంది?

"మన దేశం వేరు, మన మనుషులు సున్నితం" అంటారు కొందరు. అమెరికాలో కూడా 1961లో డాక్టర్లను అడిగితే పదికి తొమ్మిది మంది క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారంట. 1979లో మళ్ళీ అడిగితే దాదాపు అందరూ చెబుతామన్నారు. ఆ మధ్యలోనే, 1974లో, అప్పటి అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తనకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగిందని దేశమంతటికీ చెప్పింది. అది విని ఆడవాళ్ళు వరసకట్టి పరీక్షలకు వెళ్ళారు. పద్దెనిమిదేళ్ళలో మనుషుల గుండెలు మారిపోయాయా? లేదు, అలవాటు మారింది. మనదీ మారుతుంది, మారుద్దామని కూర్చుంటే.

ఇంకో మాట. దాచడానికి వెనక ఉన్న అసలు భయం "ఈ రోగం వస్తే ఇక పోవడమే" అన్నది. అది కూడా పాత నమ్మకమే. కీమో మందుల్లో మెథోట్రెక్సేట్ అని ఒకటుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ళ తరబడి వాడారు. ఆ మందు వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో ఆయన బృందం చేసిన పని. ఇప్పుడు మా అమ్మ విషయంలో ఎదురుచూస్తున్న రిపోర్టు హెర్‌2 గురించి. మొదటి పరీక్షలో 'రెండు ప్లస్' వచ్చింది, అంటే అవుననీ కాదు, కాదనీ కాదు. అందుకే ఫిష్ అనే రెండో పరీక్షకు పంపారు. పాజిటివ్ అయితే దానికి వేరే ఇంజెక్షను ఉంది, ట్రాస్టుజుమాబ్. ఒకప్పుడు విదేశాల నుంచే రావాలి, 2014 నుంచి మన పక్కనే బెంగళూరు కంపెనీ తయారు చేస్తోంది. ఆరోగ్యశ్రీలో, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, క్యాన్సర్ వైద్యం ఉంది. బెంగళూరు కిద్వాయి, హైదరాబాదు ఎంఎన్‌జే, బసవతారకం, ఇప్పుడు తిరుపతిలో కొత్తది, ఇన్ని దారులున్నాయి. దారులున్నప్పుడు మనిషికి చెప్పకుండా కళ్ళకు గంతలు కట్టి నడిపించడం ఎందుకు?

ఒక న్యాయమైన ప్రశ్న మాత్రం ఉంది. "నాకేమీ చెప్పొద్దు, మీరే చూసుకోండి" అని ఆమే అంటే? అప్పుడు చెప్పక్కర్లేదు. అది ఆమె ఇష్టం. కానీ ఆ ఇష్టం ఏమిటో ముందు ఆమెను అడగాలి కదా! అడగకుండా ఆమె తరఫున మనమే అనేసుకోవడం గురించే నా గొడవంతా.

నేను అడిగాను. మిద్దె మీద మాట జరిగిన మర్నాడు మధ్యాహ్నం, అన్నం తిన్నాక, ఫైలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. "అమ్మా, దీంట్లో ఉన్నది నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది? అంతా చెప్పనా, కొంచెం చెప్పనా, వద్దా?" అన్నాను. నా చేతులు వణుకుతున్నాయి, ఆమెవి కాదు.

"అంతా చెప్పు" అంది.

చెప్పాను. క్యాన్సర్ అన్న మాట నా నోటితో చెప్పాను. కాలేయం మీద స్కానింగులో ఒక మచ్చ కనపడిందని, అది ఇదేనా, వట్టి నీటి బుడగా అన్నది పెట్ స్కాన్‌లో తేలాలని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే పెద్దమ్మ కామెర్లు ఇద్దరికీ గుర్తొచ్చాయి. కాసేపు ఇద్దరం ఏడ్చాం. గుండె ఆగలేదు. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు వినండి: "ఎన్నాళ్ళు పడుతుంది? వెంట్రుకలు మళ్ళీ వస్తాయా? కార్డు మీద అవుతుందా, చేతి నుంచి పెట్టాలా? ఈసారి పొలం గుత్తకిస్తే మేలా?" సాయంత్రానికల్లా నాయనకు ఫోను చేసి పొలం గుత్తకు మాట్లాడమంది, విత్తనానికి ఉంచిన బుడ్డలు అమ్మెయ్యమంది. రాత్రి అన్నను పిలిపించుకుని, "రేయ్, నాకు తెలుసు. నువ్వింక నా ముందర నవ్వు మొహం పెట్టుకుని అల్లాడబాకు" అంది. వాడు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం నిద్రపోయాం. పది రోజుల్లో అదే మొదటిసారి.

ఇప్పుడు మీకు. 2022 లెక్కల్లో మన దేశంలో ఒక్క ఏడాదిలో దాదాపు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆడవాళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్నది ఇదే. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, నిజమే. కానీ నొప్పి లేదు కాబట్టి కాదనుకోవద్దు. ఇదీ చాలావరకు నొప్పి లేకుండానే మొదలవుతుంది. కాదని మీ చేయి చెప్పలేదు, పరీక్షే చెప్పాలి. 30 దాటిన ఆడవాళ్ళకు ఐదేళ్ళకోసారి ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందే రొమ్ము పరీక్ష చేయాలని 2016 నుంచే కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. మీ ఊరి ఏఎన్ఎంను అడగండి, సిగ్గు పడొద్దు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది బస్తీ ఆడవాళ్ళ మీద ఇరవై ఏళ్ళు చేసిన పరిశోధనలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో పరీక్షించినా, 50 దాటిన ఆడవాళ్ళలో ఈ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. పెద్ద మిషన్లు కావు, ఒక ఆడమనిషి చేయి చాలింది.

ఈ రాత్రి మీ అమ్మకు ఫోను చేయండి. అత్తగారికైనా సరే. రెండే ప్రశ్నలు అడగండి. "నీ ఒంట్లో ఎక్కడైనా గడ్డ ఉందా?" ఒకటి. "మన ఇంట్లో పోయిన ఆడవాళ్ళు నిజంగా ఏమొచ్చి పోయారు?" ఇది రెండోది. మొదట "ఏం లేదులే" అంటుంది. ఇంకోసారి అడగండి.

సోమవారం రిపోర్టులో ఏముంటుందో నాకు తెలియదు. మచ్చ వట్టి నీటి బుడగే కావాలని మొక్కని దేవుడు లేడు. కాకపోయినా కావచ్చు. ఏదైనా సరే, ఈసారి డాక్టరు గదిలోకి అమ్మే వెళుతుంది. పక్కన నేనుంటాను, వెనక అన్న ఉంటాడు. ఫైలు మాత్రం అమ్మ చేతిలో ఉంటుంది. ఇప్పుడే చూసొచ్చాను, కాగితాలన్నీ తేదీ వరసలో పెట్టుకుని, నా పాత జోలె సంచిలో సర్దుకుని, తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది.